"పట్టు చీ..లు" అని పలికిన నా మైకు, కర్నూల్లో దాన్ని దారికి తెచ్చిన షాపు

"పట్టు చీరలు" అని నేను చదివితే కంప్యూటర్లో "పట్టు చీ..లు" అని రికార్డ్ అవుతుండె. నడుమ ఆ "ర" యాడికి పోతుందో అర్థం కాదు. దీపావళికి ఇంక మూడే రోజులు, బట్టల షాపు సేటు ఆటో మాట్లాడి పెట్టినాడు, ఆటో ఆయన పెన్‌డ్రైవ్ కోసం మా గేటు దగ్గర నిలబడుకోని బీడీ మీద బీడీ కాలుస్తున్నాడు, నేను లోపల ఫ్యాన్ ఆపేసుకోని చెమటలు కార్చుకుంటూ అదే ముక్క పదకొండోసారి చదువుతున్నా. ఈ రివ్యూ ఆ రోజు నన్ను గట్టెక్కించిన షాపు గురించి. రిపేరు షాపుకి ఇంత పొడుగు రాయాల్నా అంటారేమో, రాయాల్సిందేనప్పా, ఎందుకంటే దానికి ముందు ఇంకో షాపుకి పోయి డబ్బులిచ్చి మరీ చెడగొట్టించుకోని వచ్చినా, ఆ కథ కూడా చెప్పకుంటే దీని విలువ తెలీదు.

నా పని ఆటో ప్రచారాలకు వాయిస్ ఇయ్యడం. బుధవారపేటలో ఇంటి వెనక చిన్న రూము, గోడలకు పాత బొంతలు నాలుగు కొట్టినా, అదే నా స్టూడియో. "కర్నూలు పట్టణ ప్రజలకు శుభవార్త" అని రాజ్ విహార్ నుంచి సి.క్యాంప్ దాకా, అట్ల బళ్ళారి చౌరస్తా దాకా అరుచుకుంటూ తిరిగే ఆటోల్లో కొన్ని గొంతులు నావే. బట్టల షాపులు, స్కూలు అడ్మిషన్లు, కొత్తగా తెరిచిన ఆస్పత్రులు, శ్రావణంలో ఉరుకుంద ఈరన్న జాతరకు పోయేవాళ్ళ కోసం అన్నదానం ప్రకటనలు, ఎలక్షన్లు వస్తే ఇంక నిద్రే ఉండదు. రికార్డింగ్ ఒక్కటే అయితే 500, వెనక మ్యూజిక్ కలిపి ఇస్తే 800. సామాన్లు దండిగా ఏం లేవు. కండెన్సర్ మైకు ఒకటి, దానికి మైకు తీగలోంచే 48 వోల్టుల కరెంటు (ఫాంటమ్ పవర్) ఇచ్చే రెండు ఛానళ్ళ యూఎస్‌బీ ఆడియో ఇంటర్‌ఫేస్ ఒకటి, 8వ జనరేషన్ ఐ5 లాప్‌టాప్, దాంట్లో రికార్డింగ్ చేసే ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేర్. ఇంటర్‌ఫేస్ అంటే తెలీనోళ్ళకి, మైకులోంచి వచ్చే సిగ్నల్‌ని సెకనుకి 44,100 సార్లో 48,000 సార్లో కొలిచి అంకెలు చేసి యూఎస్‌బీ తీగలో కంప్యూటర్‌కి తోసే డబ్బా, అంతే. ఏడేళ్ళ కింద కొన్నది. కంపెనీ పేరు రాయను, వాళ్ళ మీద నాకున్న మంట కింద చదివితే తెలుస్తుంది.

విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో సపోర్టు అయిపోతుందని స్క్రీన్ మీద వచ్చినప్పుడల్లా నేను మూసేస్తూ వచ్చినా. మా అక్క కొడుకు ఇంజినీరింగ్, ఇంటికొచ్చినోడు చూసి "మామా, ఇంక సెక్యూరిటీ అప్‌డేట్లు రావు, నీ లాప్‌టాప్‌కి 11 ఎక్కుతుంది, నేనే ఎక్కిస్తాలే" అని రాత్రి పెట్టి పడుకున్నాడు. పొద్దున లేచి చూస్తే స్టార్ట్ బటన్ నడిమధ్యకు వచ్చి కూర్చుంది, ఫైళ్ళన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి, బాగుందే అనుకోని మైకు ముందు కూర్చున్నా. ఇంటర్‌ఫేస్ లైటు వెలుగుతుంది, ఫాంటమ్ బటన్ ఎర్రగా వెలుగుతుంది, ఆడాసిటీలో రికార్డ్ నొక్కితే మాత్రం ఎర్రర్, మైనస్ 9999 అంట. అంత మైనస్ నా బ్యాంకు ఖాతాలో కూడా ఎప్పుడూ చూడలే. సరే ముందు పాత రికార్డింగ్ ఏదన్నా వినబడుతుందా అని ప్లే చేస్తే అదీ లేదు. అల్లుడు వచ్చి గంటసేపు అదీ ఇదీ నొక్కి, నాలుగుసార్లు రీస్టార్ట్ చేసి, "డ్రైవర్ ఇష్యూ మామా" అని పేరు పెట్టి (డ్రైవర్ అంటే విండోస్‌కీ బయటి డబ్బాకీ నడుమ మాటలు మోసే ప్రోగ్రామ్) మధ్యాహ్నం బస్సుకి అనంతపురం పోయినాడు. వాణ్ణి అనేదేముంది, చిన్నోడు, మంచికే చేసినాడు.

మొదట పోయిన షాపు ఏదో, యాడుందో రాయను. కౌంటర్లో ఉన్న పిల్లోడు లాప్‌టాప్ తెరిచి రెండు నిమిషాలు చూసి "సౌండ్ కార్డు పోయిందన్నా, మదర్‌బోర్డులో ఉంటాది అది" అన్నాడు. నేను వాడేది బయట డబ్బా కదప్పా, లోపలి కార్డుతో దీనికేం పని అంటే "రెండూ ఒకటే అన్నా" అన్నాడు. ఆ మాటకే లేచి రావాల్సింది, సేటు ఫోన్లు చేస్తున్నాడని తొందరలో ఉండిపోయినా. తర్వాత "సి డ్రైవ్ నిండిపోయింది, అందుకే ఇట్లయితుంది" అని క్లీన్ చేసి, ఇరవై చిల్లర జీబీ ఖాళీ అయ్యింది చూడన్నా అని స్క్రీన్ నా వైపు తిప్పి చూపించినాడు. నేనూ భలే అన్నట్టు తలూపినా. ఆ ఇరవై జీబీ ఏందో తెలిసింది రెండో రోజు. అప్‌గ్రేడ్ అయినాక పాత విండోస్ మొత్తం సి డ్రైవ్‌లో విండోస్ డాట్ ఓల్డ్ అనే ఫోల్డర్లో 10 రోజులు దాచి పెట్టుకుంటుంది, మనకు నచ్చకుంటే సెట్టింగ్స్, సిస్టమ్, రికవరీలోకి పోయి గో బ్యాక్ నొక్కితే వెనక్కి పోవచ్చు. ఆ ఫోల్డర్‌ని వాడు ఊడ్చి పారేసినాడు. పండగ అయ్యేదాకా 10కి వెనక్కి పోయి పని చేసుకునే దారి ఒకటుండె నాకు, నా కళ్ళ ముందే, నా డబ్బుతోనే మూసేసినాడు. అది చాలదన్నట్టు 250 పెట్టి బొటనవేలంత యూఎస్‌బీ సౌండ్ కార్డు ఒకటి అంటగట్టినాడు, పింక్ బొక్క ఒకటి, ఆకుపచ్చ బొక్క ఒకటి ఉంటాయి చూడండి, అది. నా మైకుది మూడు పిన్నుల ఎక్స్‌ఎల్‌ఆర్, దానికి 48 వోల్టులు కావాల, ఈ బుడ్డ దాంట్లో యాడినుంచి వస్తాయి? సర్వీసు 600, ఇది 250, మొత్తం 850 ఇచ్చి ఇంటికొచ్చి చూసుకుంటే మళ్ళా మైనస్ 9999.

రాత్రి ఆర్కెస్ట్రాలో కీబోర్డు వాయించే ఫ్రెండుకి ఫోన్ చేసి ఏడిస్తే ఈ షాపు చెప్పినాడు. రాజ్ విహార్ దగ్గర్లో సందులో, కింద జిరాక్సు షాపు, పైన ఈయన. బోర్డు ఉంది గానీ ఎండకు అక్షరాలు పోయినాయి. పేరు రాస్తానన్నా అంటే "వద్దప్పా, ఉన్న పనికే టైం చాలట్లేదు" అన్నాడు, అందుకే రాయట్లేదు, కావాల్సినోళ్ళు ఆ జిరాక్సాయన్ని అడిగితే పైకి చూపిస్తాడు. మెట్లు నిటారుగా ఉంటాయి, ముసలోళ్ళు సీపీయూ ఎత్తుకోని ఎక్కేది కష్టం, ఇది ముందే చెప్తున్నా. లోపల గోడకు మేకులు కొట్టి కేబుళ్ళు రకానికొక గుత్తిగా తగిలించి పెట్టినాడు, మూల పాత ఫిలిప్స్ రేడియో ఒకటి నడుస్తుంటుంది. యాభై దాటి ఉంటాయి ఆయనకి, మొదట్లో రేడియోలు, టేప్‌రికార్డర్లు చేసేవాడంట, తర్వాత కంప్యూటర్లలోకి వచ్చినాడు. నాకు అది వినంగానే ధైర్యం వచ్చింది. సౌండ్ అంటే ఏందో తెలిసినోడు కంప్యూటర్ నేర్చుకోవడం వేరు, కంప్యూటర్ ఫార్మాట్ కొట్టడం ఒక్కటే తెలిసినోడు సౌండ్ జోలికి రావడం వేరు.

పోంగానే లాప్‌టాప్ ముట్టలేదు. "ఏం మారింది?" అని అడిగినాడు. ఏం మార్లేదన్నా, ఉన్నట్టుండి ఆగిపాయ అన్నా. "ఊరికే ఆగదప్పా, మొన్నటిదాకా నడిచింది కదా, ఏదో మారుంటాది, అది చెప్పు" అన్నాడు. అప్పుడు అల్లుడి సంగతి, అప్‌గ్రేడు సంగతి, ఆ ఇంకో షాపు సంగతి అంతా చెప్పినా. విండోస్ డాట్ ఓల్డ్ పోయిందని ఆయన వెతికి చూసి నాలుక చప్పరించినాడు, వాళ్ళనొక్క మాట కూడా అనలే. "కేబుల్ యాడుంది?" అన్నాడు. డబ్బా తెచ్చినా, మైకు తెచ్చినా, కేబుల్ ఇంట్లోనే మర్చిపోయినా. అది ప్రింటర్‌కి వాడే చదరం మూతి కేబులే, ఆయన గోడకు అట్లాటివి పది వేలాడుతున్నాయి, ఒకటి పెట్టి చూడన్నా అంటే "నా కేబుల్‌తో పనిచేస్తే నీ కేబుల్ మంచిదో కాదో ఎట్ల తెలుస్తుంది, పోయి నీది తీసుకురా" అన్నాడు. నాకు తిక్క లేసింది, ఎండలో బండేసుకోని మళ్ళా బుధవారపేట పోయి వచ్చినా. ఇప్పుడాలోచిస్తే ఆయన చెప్పిందే కరెక్టు.

కేబుల్ తెచ్చినాక ఆయన చేసిన మొదటి పని చూసి నేను నోరు తెరిచినా. డబ్బాని లాప్‌టాప్‌కి కాదు, సొంత అడాప్టర్ ఉన్న హబ్‌కి గుచ్చి, ఆ హబ్‌ని ఓటీజీ పిన్నుతో తన ఆండ్రాయిడ్ ఫోనుకి గుచ్చినాడు. ఫోన్లో రికార్డర్ తెరిచి "మాట్లాడు" అన్నాడు. కర్నూలు పట్టణ ప్రజలకు శుభవార్త అన్నా. వెనక్కి వినిపిస్తే గొంతు గంట కొట్టినట్టుంది. "మైకు బాగుంది, డబ్బా బాగుంది, కేబుల్ బాగుంది. ఈ మూడు మర్చిపో, ఇంక లాప్‌టాప్‌లోనే ఉంది" అన్నాడు. ఐదు నిమిషాలు కూడా పట్టలే. ఇంతకుముందు షాపులో 850 పోసి తెలుసుకోలేనిది ఇదే కదా. ఫోన్లో పనిచేసిందంటే ఇంకోటి కూడా తేలిందంట, ఇది యూఎస్‌బీ ఆడియోకి ఉన్న ఉమ్మడి పద్ధతి ప్రకారం మాట్లాడే డబ్బా, దీనికి కంపెనీ డ్రైవరే కావాలని లేదు, ఆ పద్ధతి తెలిసిన ఎవరి డ్రైవర్‌తో అయినా పలుకుతుంది. ఈ ముక్క గుర్తు పెట్టుకోండి, కింద పనికొస్తుంది.

తర్వాత విండోస్ అప్‌డేట్ తెరిచి మిగిలినవన్నీ దించడానికి పెట్టినాడు. ఎందుకన్నా అంటే చెప్పినాడు, 2025 జనవరి అప్‌డేట్ తర్వాత కొన్ని యూఎస్‌బీ డ్యాక్‌లు (అంకెల్ని మళ్ళా సౌండ్ చేసే డబ్బాలు) పలకడం మానేసినాయి, డివైజ్ మొదలు కాలేదని కోడ్ 10 చూపిస్తుండె, మైక్రోసాఫ్ట్ వాళ్ళే అది ఒప్పుకోని తర్వాతి అప్‌డేట్లలో సరిచేసినారు, అందుకని సగం అప్‌డేట్లతో ఉన్న సిస్టమ్ మీద రోగం వెతకడం టైం దండగ. నా దాంట్లో అది కాదు గానీ, అది కాదని ముందే తేల్చుకున్నాడు. ఈ అప్‌డేట్లకే రెండు గంటలు పోయింది, నేను కిందికి పోయి ఉగ్గాని బజ్జీ తిని వచ్చినా, మిరపకాయ బజ్జీ బాగుండె.

అసలు సంగతి డివైజ్ మేనేజర్లో, అంటే కంప్యూటర్‌కి తగిలించిన సామాన్లన్నీ కనబడే చోట దొరికింది. నా ఇంటర్‌ఫేస్ పేరు పక్కన పసుపు త్రికోణం, తెరిస్తే కోడ్ 39, డ్రైవర్ లోడ్ కాలేదని. డ్రైవర్ తేదీ చూస్తే 2018. విండోస్‌లో కోర్ ఐసొలేషన్ కింద మెమరీ ఇంటెగ్రిటీ అని ఒక కాపలా ఉంటాది, అది ఆన్‌లో ఉంటే దానికి సరిపడని పాత డ్రైవర్లను లోపలికి రానీదు. నా దాంట్లో ఆన్‌లో ఉంది. యూట్యూబ్‌లో సగం వీడియోలు ఏం చెప్తాయంటే దాన్ని ఆపేయండి, మైకు పలుకుతుంది అని. నేనూ అదే అడిగినా. "ఇదే లాప్‌టాప్‌లో బ్యాంకు పని చేస్తావా?" అన్నాడు. చేస్తా అన్నా. "మరి మైకు కోసం వాకిలి తీసి పెట్టి పడుకుంటావా?" అన్నాడు. ఆపలేదు. ముందు కంపెనీ వెబ్‌సైట్లోకి పోయి కొత్త డ్రైవర్ వెతికినాడు, నా మోడల్‌కి ఆ 2018 దానితోనే ఆపేసినారు, 11కి అని ఏమీ లేదు, దాని బదులు కొత్త మోడల్ కొనుక్కోమని బొమ్మ పెట్టినారు. ఇదే నేను పైన చెప్పిన మంట. ఏడేళ్ళుగా ఒక్క బటన్ అరగని డబ్బా, ఫోనుకి గుచ్చితే గంట కొట్టినట్టు పలికే డబ్బా, దాన్ని డ్రైవర్ రాయకుండా చంపేయాలని చూస్తారు.

సరే, ఆయన ఆ పాత డ్రైవర్ని డివైజ్ మేనేజర్లోనే అన్‌ఇన్‌స్టాల్ కొట్టినాడు, కొట్టేటప్పుడు డ్రైవర్ ఫైళ్ళు కూడా తీసేయమని అడిగే చోట టిక్ పెట్టినాడు, ఆ టిక్ పెట్టకుంటే మళ్ళా గుచ్చంగానే అదే పాతది వచ్చి కూర్చుంటదంట. కేబుల్ పీకి, రీస్టార్ట్ చేసి, మళ్ళా గుచ్చినాడు. టింగ్ అని సౌండ్ వచ్చింది, త్రికోణం పోయింది. విండోస్ సొంత యూఎస్‌బీ ఆడియో డ్రైవర్ పట్టుకుంది. పైన చెప్పిన ఉమ్మడి పద్ధతిలో కొత్త రకమైన యూఎస్‌బీ ఆడియో 2.0కి సొంత డ్రైవర్ విండోస్ 10లోనే 2017లో, 1703 వెర్షన్‌తో వచ్చిందంట, అంతకు ముందు ఇట్లాంటి డబ్బాలన్నిటికీ కంపెనీ డ్రైవరే దిక్కు. మేము ఏడేళ్ళుగా అవసరం లేకున్నా కంపెనీది మోసుకుంటూ వచ్చినాము.

అయినా ఆడాసిటీలో మైనస్ 9999 పోలేదు. నేను తల పట్టుకున్నా. ఆయన మాత్రం ఎదురుచూస్తున్నట్టే సెట్టింగ్స్, ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, మైక్రోఫోన్ అని తెరిచినాడు. మైకు వాడుకోవడానికి యాప్‌లకు పర్మిషన్ ఆఫ్‌లో ఉంది. పై స్విచ్ ఆన్ చేసినాడు, కిందికి పోతే డెస్క్‌టాప్ యాప్‌లకు అని ఇంకో స్విచ్ ఉంటాది, ఆడాసిటీ లాంటివి దాని కిందికొస్తాయి, అదీ ఆన్ చేసినాడు. చాలామంది పై దాంతోనే ఆగిపోతారంట. తర్వాత ఆడాసిటీలో డివైజ్‌లు మళ్ళా వెతికించి, రికార్డింగ్ డివైజ్‌గా లాప్‌టాప్ లోపలి మైకు కాకుండా మనదాన్ని ఎంచి, రికార్డ్ నొక్కితే ఆకుపచ్చ మీటర్ లేచింది. నాకు ఆ షాపులోనే ఈల వేయాలనిపించింది. అంటే ఒకే లక్షణానికి వెనక రెండు రోగాలు, ఒకటి తీస్తే ఇంకోటి అట్లే ఉంటాది, వేసిన మందు పనిచేయలేదనుకోని మనం దాన్ని మళ్ళా వెనక్కి పెట్టేస్తాము. నేనూ అల్లుడూ చేసింది అదే.

ఇంటికొచ్చినాక పాత రికార్డింగ్‌లు ఇంకా వినబడకపోవడం అయితే ఫోన్లోనే తేల్చినాడు. హెచ్‌డీఎంఐతో తగిలించిన మానిటర్‌కి సౌండ్ పోతుంది, ఆ మానిటర్‌కి స్పీకర్లే లేవు. మూలనున్న స్పీకర్ బొమ్మ నొక్కి అవుట్‌పుట్ మారిస్తే వచ్చింది.

ఇంక "చీ..లు" కథ. షాపులో అంత బాగా పలికిన మైకు ఇంట్లో గిర్రుమంటుంది, నూనెలో ఆవాలు వేసినట్టు చిటపట, నడుమ నడుమ అక్షరాలు మింగుతుంది. ఆటో ఆయన బయట, సేటు ఫోన్లో, "ఏం సామీ, పాట యాడ? పొద్దున్నించి బాడుగ పడుతుంది నాకు" అంటాడు. షాపాయనకి ఫోన్ చేస్తే ఎత్తడు. రెండు నుంచి నాలుగు దాకా ఆయన పడుకుంటాడు, ఫోన్ మూగలో పెడతాడు, ఇది ఊరంతా తెలిసిన సంగతంట నాకు తప్ప. నాలుగు కొట్టంగానే లాప్‌టాప్, డబ్బా, మైకు, ఈసారి కేబుల్‌తో సహా ఎత్తుకోని మళ్ళా ఆ మెట్లెక్కినా. అక్కడ గుచ్చి చూస్తే ఒక్క చిటపట లేదు! నన్ను పిచ్చోడిలా చూస్తాడేమో అనుకున్నా. ఆయన అడిగింది ఒక్కటే, "ఇంట్లో దేనికి గుచ్చుతావు?"

హబ్‌కి గుచ్చుతా. నాలుగు రంధ్రాల హబ్బు, కరెంటు అడాప్టర్ లేనిది. దాంట్లో ఇంకా ఏమున్నాయి? కీబోర్డు, మౌసు, ఇంకోటి, చెప్పడానికి సిగ్గైంది, చిన్న యూఎస్‌బీ ఫ్యాను. బొంతలు కొట్టిన రూములో సీలింగ్ ఫ్యాన్ ఆపేసి రికార్డ్ చేసేటప్పుడు ఉడికిపోతాము, రెండు రికార్డింగుల మధ్యలో గాలికి పెట్టుకున్నా, ఆపడం ఒక్కోసారి మర్చిపోతా. ఆయన గట్టిగా నవ్వినాడు, ఆ రోజు ఆయన నవ్వింది అదొక్కసారే. యూఎస్‌బీ 2.0 రంధ్రం ఒకటి ఇచ్చేది 500 మిల్లీయాంపులు, నీ డబ్బా ఫాంటమ్ పవర్‌తో సహా దాంట్లోనే బతకాల, ఫ్యానూ కీబోర్డూ మౌసూ దాంట్లోనే పంచుకుంటే ఎట్ల అన్నాడు. మరి విండోస్ 10లో కూడా ఇదే హబ్బు, ఇదే ఫ్యాను కదన్నా, అప్పుడెందుకు రాలేదు అని అడిగినా, ఇది నాకు నిజంగానే కావాల్సిన ప్రశ్న. ఆయన జవాబు ఏమంటే, కంపెనీ డ్రైవర్‌తో పాటు ఒక సెట్టింగ్ ప్యానెల్ ఉంటుంది, దాంట్లో బఫర్ ఎవరో పెద్దగా పెట్టి ఉంటారు, పెద్ద బఫర్ అంటే నీళ్ళు సన్నగా వచ్చినప్పుడు తొట్టి నిండా పట్టి పెట్టుకున్నట్టు, కొళాయి కాసేపు ఆగినా ఇంట్లో తెలీదు. డ్రైవర్ పోయింది, దాంతో తొట్టీ పోయింది, ఇప్పుడు కొళాయి తడబడితే వెంటనే నీకు వినబడుతుంది. తడబాటు ముందునుంచీ ఉంది, వినబడేది ఇప్పుడు. కర్నూలోళ్ళకు ఎండాకాలం తొట్టి సంగతి వేరే చెప్పాల్నా, వెంటనే ఎక్కింది.

రెండు మార్పులు ఆయనే నా లాప్‌టాప్‌లో చేసి చూపించినాడు, ఒకటి చేసినాక ఒకటి, రెండూ కలిపి కాదు. డివైజ్ మేనేజర్లో యూఎస్‌బీ రూట్ హబ్ తెరిచి, పవర్ మేనేజ్‌మెంట్‌లో కరెంటు మిగల్చడానికి ఈ డివైజ్‌ని ఆపొచ్చు అని ఉన్న టిక్ తీసినాడు. ఆడాసిటీ ప్రిఫరెన్సెస్‌లో బఫర్ 100 మిల్లీసెకన్లు ఉంటే 200 చేసినాడు. ఇంటికి పోయి డబ్బాని నేరుగా లాప్‌టాప్ రంధ్రానికి గుచ్చమన్నాడు, ఫ్యాన్ని ఫోన్ చార్జర్‌కి పెట్టుకోమన్నాడు. ఇంకోటి కూడా నేర్పించినాడు, అది నాకు శానా నచ్చింది. చెవితో నమ్మొద్దు, "ఆ..." అని ఊపిరి ఉన్నంతసేపు ఒకే సుతిలో లాగి రికార్డ్ చెయ్యి, తర్వాత ఆడాసిటీలో జూమ్ చేస్తూ పో అన్నాడు. జూమ్ చేసే కొద్దీ గొంతు అల పాము నడిచినట్టు మెత్తగా వంపులు తిరుగుతూ కనబడుతుంది, శాంపిళ్ళు (డబ్బా కొలిచి పంపే ఆ అంకెలు) పోయిన చోట మాత్రం దారం పళ్ళతో కొరికినట్టు అల టక్కున తెగి, ఇంకో ఎత్తులో మళ్ళా మొదలవుతుంది. పొద్దున రికార్డింగ్‌లో "చీ" అయిపోయిన చోట సరిగ్గా అట్లాంటి తెగుడే కనబడింది. నా "ర" ఆ సందులో పడి పోయింది.

ఇంటికొచ్చి నేరుగా గుచ్చి చదివినా. పట్టు చీరలు, ఫ్యాన్సీ చీరలు, చుడీదార్లు, ఒకటి కొంటే ఒకటి ఉచితం, ఒక్క అక్షరం పోలేదు. ఆరున్నరకి ఆటో ఆయన పెన్‌డ్రైవ్ గుంజుకోని పోయినాడు, పొద్దున తాగిన బీడీల ఖర్చు కూడా నేనే ఇయ్యాలంట.

డబ్బుల సంగతి. మొత్తానికి 350 తీసుకున్నాడు. రెండోసారి పోయినదానికి ఒక్క రూపాయి అడగలే, "మొదటిసారే ఇంట్లో దేనికి గుచ్చుతావని అడగాల్సింది, నా తప్పు" అన్నాడు. రిపేరు షాపులో ఈ మాట నేను ఇంతవరకు వినలేదు. ఏం చేసినాడో ఒక చిన్న చీటీ మీద తెలుగులో రాసిచ్చినాడు, అది ఇప్పుడు నా మానిటర్ వెనక అతికించి ఉంది. మళ్ళా పెద్ద అప్‌డేట్ ఏదన్నా వస్తే ప్రైవసీ స్విచ్చులు, ఆ రూట్ హబ్ టిక్, అవుట్‌పుట్ ఎటు పోతుందో, ఈ మూడూ ముందు చూసుకో, తర్వాతే నాకు ఫోన్ చెయ్యి అన్నాడు.

ఒక స్టార్ ఎందుకు కోసినానంటే, ఒకటి ఆ మధ్యాహ్నం నిద్ర, ఫోన్ ఎత్తనప్పుడు షాపు బయట ఒక కాగితం అన్నా పెట్టొచ్చు కదా. ఇంకోటి నోరు. నన్నైతే సరే, నా ముందర ఒక ముసలాయన ప్రింటర్ తెచ్చి ఇంకు అయిపోయిందా అని అడిగితే "కళ్ళు లేవా" అన్నాడు, అది నాకు నచ్చలేదు. బిల్లు కావాలంటే అడగాల, అడిగితే విసుక్కుంటాడు. 5కి 4.

పాటలు పాడి, గిటార్ వాయించి రికార్డ్ చేసేవాళ్ళకి ఒక మాట. నాకు వాయిస్ ఒక్కటే కాబట్టి విండోస్ డ్రైవర్‌తో జరిగిపోతుంది. మీకు ఏఎస్‌ఐఓ (సౌండ్ ఆలస్యం తగ్గించే డ్రైవర్ పద్ధతి) కావాల్సి ఉంటే ఆ డ్రైవర్‌తో అది రాదు, మీ గొంతు మీ హెడ్‌ఫోన్లో ఆలస్యంగా వినబడి పిచ్చెక్కుతుంది, అప్పుడు డబ్బా మీదే ఉండే డైరెక్ట్ మానిటర్ బటన్ వాడుకోండి, లేదా 11కి డ్రైవర్ ఇచ్చిన కంపెనీ డబ్బా చూసి కొనండి. కొనేముందు డబ్బా మీద మెరుపులు కాదు, వాళ్ళ సైట్లో పాత మోడళ్ళకు కూడా డ్రైవర్లు ఇస్తూ వచ్చినారా లేదా అది చూడండి.

అప్‌గ్రేడ్ గురించి కూడా ఆయన నన్ను తిట్టినాడు. "దీపావళి ముందు ఎవడన్నా ఇంజిన్ దించుకుంటాడా?" అని. విండోస్ 10 ఉన్నోళ్ళకి పేరు నమోదు చేసుకుంటే 2026 అక్టోబర్ 13 దాకా సెక్యూరిటీ అప్‌డేట్లు ఇచ్చే ఏర్పాటు ఉందంట, సీజన్ అయినాక నిదానంగా చేసుకోని ఉండొచ్చు. అల్లుడికి ఫోన్ చేసి ఇది చెప్తే "అవునా మామా" అన్నాడు. అంతే.

పోయేవాళ్ళు పొద్దున పదకొండు లోపల పోండి, లేకుంటే నాలుగు తర్వాత. కేబుల్ మర్చిపోవద్దు.